లినక్స్‌లో డయల్-అప్ మోడెమ్‌ను పని చేయించడం ఎలా?

ఫోన్ లైన్ మీదుగా కంప్యూటర్లను కలిపే పాత మోడెమ్ చేతికి రాగానే నంబరు డయల్ చేయించాలని తొందరపడకండి. ముందు కంప్యూటర్‌తో అది మాట్లాడుతోందో లేదో చూడాలి. అక్కడ తేడా ఉంటే మిగతా సెట్టింగులు ఎన్ని మార్చినా లాభం లేదు.

కొనేటప్పుడు చవక పీసీఐ కార్డు మోడెమ్‌ల జోలికి వెళ్లొద్దు. వాటిలో చాలావరకు విన్‌మోడెమ్‌లే, అసలు పనంతా విండోస్ డ్రైవర్ చేసేది. బయట పెట్టుకునే సీరియల్ మోడెమ్ తీసుకోండి. కేబుల్ నేరుగా ఉండేదే కావాలి, నల్ మోడెమ్ కేబుల్ (రెండు కంప్యూటర్లను నేరుగా కలిపేందుకు లోపల తీగలు తారుమారు చేసినది) పనికిరాదు.

తర్వాత పోర్టు పేరు. విండోస్‌లో కామ్1 అనేది లినక్స్‌లో టీటీవైఎస్0, కామ్2 అయితే టీటీవైఎస్1. లాప్‌టాప్‌కి యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్ పెడితే సాధారణంగా టీటీవైయూఎస్‌బీ0 వస్తుంది. కన్వర్టర్ గుచ్చగానే టెర్మినల్‌లో ‘సుడో డీమెస్గ్’ కొట్టండి, చివరి వరుసల్లో పేరు కనిపిస్తుంది.

‘పర్మిషన్ డినైడ్’ అని వస్తే టెన్షన్ వద్దు. డెబియన్, ఉబుంటుల్లో మీ యూజర్‌ను ‘డయలౌట్’ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. ప్రతిసారీ రూట్‌గా (అన్ని అధికారాలూ ఉండే యూజర్‌గా) నడపడం మంచి అలవాటు కాదు.

ఇప్పుడు మినికామ్, అంటే సీరియల్ పోర్టుతో మాట్లాడే టెర్మినల్ ప్రోగ్రామ్. దాని సీరియల్ పోర్ట్ సెటప్‌లో ‘ఏ’ నొక్కి పోర్టు పేరు, ‘ఈ’ నొక్కి వేగం ఇవ్వండి. 115200, 8ఎన్1 (8 డేటా బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్) చాలు. మరీ పాత మోడెమ్ అయితే 9600తో మొదలుపెట్టండి. హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (డేటా ఎప్పుడు ఆపాలో కేబుల్ తీగల ద్వారా చెప్పుకునే పద్ధతి) ఆన్‌లో ఉండాలి. సెటప్‌లోంచి బయటికి వచ్చి ‘ఏటీ’ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. కింద ‘ఓకే’ అని పడిందా, గండం గడిచినట్టే! ఏమీ రాకపోతే కేబుల్, పోర్టు పేరు మళ్లీ చూడండి. మోడెమ్‌మేనేజర్ అనే సర్వీసు ఒక్కోసారి పోర్టును పట్టుకుని కూర్చుంటుంది, దాన్నీ ఆపండి.

‘ఏటీడీటీ’ పక్కన నంబరు కొడితే డయల్ అవుతుంది. ‘నో డయల్‌టోన్’ అంటే, అదే లైన్‌కి మామూలు ఫోన్ తగిలించి టోన్ వస్తుందేమో విని చూడండి. టోన్ ఉండి కూడా మోడెమ్ గుర్తుపట్టకపోతే ‘ఏటీఎక్స్3’ ఇచ్చి మళ్లీ డయల్ చేయండి, టోన్ కోసం ఆగదు.

వేగం మీద ఆశ పెట్టుకోవద్దు. రెండు ఇళ్ల మామూలు లైన్ల మధ్య సెకనుకు 33,600 బిట్లకు మించదు. ఫైబర్‌తో వచ్చే ల్యాండ్‌లైన్‌లో అదీ కష్టమే.

లైన్ వదలాలంటే ఒక సెకను ఆగి మూడు ప్లస్ గుర్తులు కొట్టండి, ఎంటర్ వద్దు. ‘ఓకే’ రాగానే ‘ఏటీహెచ్’ ఇవ్వండి.