టర్బో ఇంజనుకు వాటర్ ఇంజెక్షన్ – 3వ పాఠం: నాజిల్ లెక్క, పంపు, పైపులు

నీళ్ల తుంపర ఇన్‌టేక్ గాలిని ఎందుకు చల్లబరుస్తుందో, నాకింగ్‌ను (సిలిండర్‌లో ఇంధనం అదుపు లేకుండా పేలడాన్ని) ఎలా ఆపుతుందో మొదటి పాఠంలో చూశాం. ఏ ద్రవం పోయాలో రెండో పాఠంలో తేల్చుకున్నాం: డిస్టిల్డ్ వాటర్ సగం, మెథనాల్ సగం, కొలపాత్రతో కొలిచి. ఈ పాఠంలో సామాను కొని, బల్ల మీద బిగించి, తుంపర ఎంత పడుతోందో కొలుస్తాం. కారు బానెట్ ఎత్తే పని ఇంకా లేదు.

చాలామంది ముందు పంపు కొనేస్తారు. ఆ తరవాత దానికి సరిపడే నాజిల్ కోసం వెతుకుతారు. ఇది తలకిందుల పని. ఇంజను ఎంత పెట్రోల్ తాగుతుందో దాన్నిబట్టి నాజిల్, నాజిల్‌నుబట్టి పంపు. ఈ వరసలో వెళ్తే డబ్బూ మిగులుతుంది, ఇంజనూ మిగులుతుంది.

నాజిల్ ఎంతది?

ఉదాహరణకు ఫియట్ లీనియా టీ-జెట్ తీసుకుందాం. 1368 సీసీ, పోర్ట్ ఇంజెక్షన్, కంపెనీ ఇచ్చిన శక్తి 114 పీఎస్. ఈసీయూను, అంటే ఇంజను కంప్యూటర్‌ను, రీమ్యాప్ చేయించి (సెట్టింగులు మార్పించి) 150 హార్స్‌పవర్‌కు తెచ్చారనుకోండి. పూర్తి లోడ్‌లో టర్బో పెట్రోల్ ఇంజను ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 250 గ్రాముల ఇంధనం తీసుకుంటుంది. 150ని 250తో గుణిస్తే గంటకు 37,500 గ్రాములు, అంటే నిమిషానికి 625 గ్రాములు. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ పోస్తే ఇది ఏడెనిమిది శాతం పెరుగుతుంది, నాజిల్ మార్చాల్సినంత తేడా కాదు.

ఇంజెక్ట్ చేసే ద్రవం ఇంధనం బరువులో 10 నుంచి 20 శాతం మధ్య ఉండాలి. మొదటిసారి 15 శాతం దగ్గర ఆగండి: 94 గ్రాములు. సగం-సగం మిశ్రమం మి.లీ.కు 0.93 గ్రాముల చొప్పున తూగుతుంది కాబట్టి ఇది నిమిషానికి దాదాపు 100 మి.లీ. మనకు కావలసిన నాజిల్ ఇదే. పెద్దది పెడితే ఇంకా చల్లబడుతుంది కదా అని 200 మి.లీ. నాజిల్ జోలికి పోకండి. నీళ్లు ఎక్కువైతే మంట సిలిండర్‌లో పూర్తిగా పాకకముందే చల్లారుతుంది, ఇంజను మిస్‌ఫైర్ కొడుతుంది, శక్తి పెరగాల్సింది పోయి తగ్గుతుంది.

నాజిల్ మీద రాసిన అంకె ఒక నిర్ణీత ఒత్తిడి దగ్గర మాత్రమే నిజం. ఆ ఒత్తిడి ఎంతో అమ్మేవాణ్ని అడిగి తీరాలి. మనం తీసుకున్నది 7 బార్ల దగ్గర 100 మి.లీ. అనుకుందాం. ఒత్తిడి రెట్టింపైతే ప్రవాహం రెట్టింపు కాదు, వర్గమూలం లెక్కన పెరుగుతుంది. కొత్త ఒత్తిడిని పాత ఒత్తిడితో భాగించి, దాని వర్గమూలంతో ప్రవాహాన్ని గుణించండి.

ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. పంపు 10 బార్లు ఇస్తే నాజిల్‌కు 10 బార్లు అందవు. నాజిల్ ముందుండే ఎన్ఆర్‌వీ (ద్రవాన్ని ఒకే దిశలో పోనిచ్చే వాల్వ్) స్ప్రింగు 1 బార్ తింటుంది. అవతలి నుంచి టర్బో బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) ఇంకో 1 బార్ ఎదురు నెడుతుంది. నికరంగా మిగిలేది 8 బార్లు. 8ని 7తో భాగిస్తే వచ్చేదాని వర్గమూలం 1.07, అంటే నిమిషానికి 107 మి.లీ. బాగానే ఉంది. అదే 6 బార్ల పంపు పెడితే మిగిలేది 4 బార్లే, ప్రవాహం 76 మి.లీ.కు పడిపోతుంది. అంతకంటే నష్టం ఇంకొకటి: ఒత్తిడి తగ్గితే చుక్క లావవుతుంది. లావు చుక్క గాలిలో ఆవిరి కాదు, పైపు గోడకు కొట్టుకుని ధారగా జారుతుంది, నాలుగు సిలిండర్లకూ సమానంగా పంచుకోదు. ఒక సిలిండర్‌లో వరద, పక్కదాంట్లో కరువు. ఆ కరువు సిలిండరే నాక్ అవుతుంది.

పంపు

పొలాల్లో వాడే బ్యాటరీ స్ప్రేయర్ పంపు చవక, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. కానీ చాలావాటి కటాఫ్ (పంపు తనంతట ఆగిపోయే ఒత్తిడి) 4–5 బార్ల దగ్గరే ఉంటుంది, పైన వేసిన లెక్కలో అవి నిలబడవు. నీళ్ల ఫిల్టర్‌లో ఉండే ఆర్‌వో బూస్టర్ పంపు 24 వోల్టులది, కారులో పెట్టాలంటే వోల్టేజి పెంచే కన్వర్టర్ కావాలి. పైగా దాని సీళ్లు మంచినీళ్లకు చేసినవి. మనకు సరిపోయేది కారు కడగడానికి వాడే 12 వోల్టుల డయాఫ్రం పంపు, 150–160 పీఎస్ఐ రకం, అంటే 10–11 బార్లు.

సీళ్లు, డయాఫ్రం ఏ రబ్బరో కనుక్కోండి. మెథనాల్‌కు ఈపీడీఎం మంచిది. ఖరీదైనది కదా అని వైటాన్ అడిగితే మోసపోతారు: పెట్రోల్‌కు బ్రహ్మాండంగా తట్టుకునే మామూలు వైటాన్ మెథనాల్‌లో ఉబ్బిపోతుంది. ఏ రబ్బరో అమ్మేవాడు చెప్పలేకపోతే విడి సీలు ఒకటి తీసుకుని వారం రోజులు మెథనాల్‌లో నానబెట్టి, ముందూ వెనకా వెర్నియర్‌తో కొలవండి. గాజు సీసా, బిగుతు మూత, ఇంటి బయట, పిల్లలకు అందనిచోట. మెథనాల్ కొంచెం లోపలికి పోయినా కళ్లు పోతాయి, ఎక్కువైతే ప్రాణమే పోతుంది. దాని మంట పగటి వెలుతురులో కనబడదు.

ఈ పంపుతో ఒక చిక్కుంది. అది నిమిషానికి 5 లీటర్లు తోడగలదు, మన నాజిల్ తాగేది పదో వంతు లీటరు. ఆన్ చేసిన క్షణంలోనే ఒత్తిడి కటాఫ్‌కు చేరి పంపు ఆగుతుంది, ఒత్తిడి పడగానే మళ్లీ కొట్టుకుంటుంది. టకటకమని ఆగుతూ సాగుతూ ఉంటే గేజ్ ముల్లు 6కూ 11కూ మధ్య ఊగుతుంది, తుంపర కూడా దాంతోపాటే. దీనికి మందు రిటర్న్ లైను. పంపు తరవాత ఒక టీ పెట్టి, దాని ఒక కొమ్మను నీడిల్ వాల్వ్ గుండా ట్యాంకుకు తిప్పండి. నీడిల్ వాల్వ్‌ను కొద్దికొద్దిగా మూస్తూ గేజ్ 10 బార్ల దగ్గర నిలకడగా నిలిచేదాకా తెచ్చి, లాక్ నట్ బిగించండి. పంపు కటాఫ్ స్క్రూ 11 బార్ల పైనే ఉండాలి, లేకపోతే మళ్లీ ఊగిసలాట మొదలవుతుంది.

పైపులు, ట్యాంకు

వరస ఇది: ట్యాంకు, జాలీ ఫిల్టర్, పంపు, రిటర్న్ టీ, సోలినాయిడ్ వాల్వ్ (కరెంటు ఇస్తే తెరుచుకునేది), ఎన్ఆర్‌వీ, నాజిల్. పైపు 6 మి.మీ. నైలాన్‌ది వాడండి. ఆర్‌వో ఫిల్టర్ల తెల్ల పైపు పాలిథిలీన్, ఇంజను వేడికి మెత్తబడి పుష్ కనెక్టర్ నుంచి ఊడిపోతుంది. ఫిట్టింగులు ఇత్తడివో స్టెయిన్‌లెస్ స్టీలువో ఉండాలి. అల్యూమినియంను మెథనాల్-నీళ్ల మిశ్రమం తినేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ విమానాలు వాడిన ఎండబ్ల్యూ 50 ద్రవంలో సగం మెథనాల్, మిగతాది నీళ్లు, పైన అర శాతం తుప్పు పట్టనివ్వని నూనె. ఆ అర శాతం ఊరికే కలపలేదు.

ట్యాంకు 2 నుంచి 3 లీటర్లది, హెచ్‌డీపీఈ ప్లాస్టిక్‌ది చాలు. దాని పైమట్టం నాజిల్ కంటే కిందే ఉండాలి, పంపు ట్యాంకు అడుగు కంటే కింద ఉండాలి. ట్యాంకు ఎత్తులో ఉంటే ఇంజను ఆపాక కూడా నీళ్లు తమంతట తామే ఇన్‌టేక్‌లోకి జారతాయి. రాత్రంతా జారి సిలిండర్ నిండితే, పొద్దున సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీళ్లు కుదించుకుపోవు కదా. సోలినాయిడ్ ఒక్కటే ఉంటే చాలదా అంటే, చాలదు: అందులో చిన్న రేణువు ఇరుక్కున్నా పూర్తిగా మూసుకోదు. అందుకే ఎన్ఆర్‌వీ కూడా పెడతాం, రెండూ తప్పనిసరి.

బోరు నీళ్లు, మున్సిపల్ నీళ్లు, ఆఖరికి ఆర్‌వో నీళ్లు కూడా పోయొద్దు. వాటిలోని లవణాలు నాజిల్ రంధ్రంలో తెల్లటి పొరలా పేరుకుంటాయి. బంకుల్లో దొరికే బ్యాటరీ వాటర్ సరిపోతుంది. పక్కనే బ్యాటరీ యాసిడ్ డబ్బాలూ ఉంటాయి, లేబుల్ చదివి మరీ తీసుకోండి.

మరలకు టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు చివరి మర ఖాళీగా వదిలేయండి. కొత్త సెటప్‌లో నాజిల్ మూసుకుపోయిందంటే ముందు వెతకాల్సింది తెగిన టేపు పోగునే. పంపు నుంచి నాజిల్ దాకా బిగించాక, నాజిల్ తీసేసి ఒక లీటరు నీళ్లు బకెట్‌లోకి పోనిచ్చి లైను కడిగి, అప్పుడు నాజిల్ పెట్టండి.

నాజిల్ చోటు

ఇంటర్‌కూలర్ దాటాక, థ్రాటిల్ బాడీకి 10–15 సెం.మీ. ముందు. ఇంటర్‌కూలర్‌కు ముందు పెడితే తుంపర లోపలే నీళ్లుగా చేరి అడుగున గుంటలో నిలుస్తుంది. టర్బోకు ముందు పెడితే చుక్కలు కంప్రెసర్ రెక్కల అంచుల్ని అరగదీస్తాయి. గాలి ఉష్ణోగ్రత సెన్సార్ ఎక్కడుందో వెతికి, వీలైతే నాజిల్‌ను దాని తరవాత పెట్టండి. సెన్సార్ తడిస్తే గాలి ఉన్నదానికంటే చల్లగా ఉందని ఈసీయూ నమ్మి, ఇగ్నిషన్ టైమింగ్ ముందుకు జరిపే ప్రమాదముంది.

రబ్బరు హోస్‌కు నాజిల్ బిగించకండి. ఆ చోట లోహపు పైపు పెట్టి, దానికి బంగ్ (మర కొట్టే లోహపు బొడిపె) వెల్డ్ చేయించి, 1/8 ఎన్‌పీటీ మర కొట్టించండి. డ్రిల్ 8.7 మి.మీ. మన హార్డ్‌వేర్ షాపుల్లో ఎక్కువగా ఉండేది బీఎస్‌పీ మర. బీఎస్‌పీకి అంగుళానికి 28 మరలు, ఎన్‌పీటీకి 27. ఒకదాంట్లో ఇంకొకటి బిగిస్తే ఒకటి రెండు చుట్లు హాయిగా ఎక్కి, ఆ తరవాత బిగుసుకుంటుంది, ఒత్తిడి పెరగ్గానే కారుతుంది. లేత్ షాపుకు నాజిల్‌ను వెంట తీసుకెళ్లి దానికే సరిచూడమనండి. పైపు కారులో ఉండగా డ్రిల్ చేయొద్దు, ఆ ఇనుప పొట్టు నేరుగా వాల్వుల మీదికే వెళ్తుంది.

బల్ల మీద పరీక్ష

ఈ పరీక్షకు ఉత్త డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. ఆల్కహాల్ తుంపర గదిలో నిండితే స్విచ్ నిప్పురవ్వ చాలు.

పంపుకు 13.8 వోల్టులు ఇవ్వండి. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది దాదాపు అదే. నాజిల్‌ను పొడవాటి సీసా మూతికి లోపలివైపు చూసేలా పట్టుకుని, స్టాప్‌వాచ్‌తో కచ్చితంగా 60 సెకన్లు నడిపి, పడిన నీళ్లను కొలపాత్రలో చూడండి. బల్ల మీద బూస్ట్ ఎదురు నెట్టదు కాబట్టి నికర ఒత్తిడి 9 బార్లు, రావాల్సింది 113 మి.లీ. 105 నుంచి 120 మధ్య ఉంటే సరే. తక్కువ వస్తే గేజ్ చూడండి: ముల్లు 10 దగ్గరే ఉండి నీళ్లు తగ్గాయంటే నాజిల్‌లోనో ఎన్ఆర్‌వీలోనో అడ్డు, ముల్లే పడిపోతే ఫిల్టరో, వైరో, నీడిల్ వాల్వో. 130 దాటితే ఆ నాజిల్ రంధ్రం చెప్పిన కొలతది కాదు, మార్చేయండి.

ఇప్పుడు నాజిల్ వెనక టార్చ్ పెట్టి తుంపర చూడండి. పొగలా, నిండు శంకువులా రావాలి. అందులో గీతలు కనబడినా, ఒక పక్కకు ఒరిగినా నాజిల్ విప్పి కడగాలి. స్విచ్ ఆపగానే సెకనులో తుంపర తెగిపోవాలి. ఇంకా నాలుగు చుక్కలు పడితే ఎన్ఆర్‌వీకీ నాజిల్‌కూ మధ్య పైపు పొడుగైందన్నమాట, వాటిని దగ్గరకు జరపండి.

చివరిది వ్యాక్యూమ్ పరీక్ష. ఐడిల్‌లో థ్రాటిల్ వెనక 0.65 బార్ల దాకా వ్యాక్యూమ్ ఉంటుంది. మన నాజిల్ థ్రాటిల్ ముందే ఉన్నా, ఎన్ఆర్‌వీ దాన్ని తట్టుకోవాలి. సోలినాయిడ్‌కు కరెంటు ఇచ్చి తెరిచి ఉంచి, నాజిల్ మూతికి చేతి వ్యాక్యూమ్ పంపు తగిలించి 0.7 బార్లకు లాగి, 5 నిమిషాలు ఆగండి. ముల్లు కదలకూడదు, పైపులో ఒక్క చుక్కా రాకూడదు. వచ్చిందంటే ఆ ఎన్ఆర్‌వీ కారులోకి ఎక్కకూడదు.

60 సెకన్లలో పడిన మి.లీ., నిలకడ ఒత్తిడి, పంపు లాగిన ఆంపియర్లు ఒక కాగితం మీద రాసుకోండి. నాలుగో పాఠంలో ఫ్యూజు, రిలే, బూస్ట్ స్విచ్ లెక్కలకు ఈ మూడు అంకెలూ కావాలి. నీళ్లు అయిపోతే బూస్ట్ తనంతట తగ్గే ఏర్పాటు కూడా అక్కడే చేస్తాం. 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌లోనే అలాంటి ఏర్పాటు ఉంది: ద్రవం ట్యాంకు ఖాళీ అయితే బూస్ట్‌ను కట్టడి చేసేది. అది మన కారులో పనిచేసేదాకా బూస్ట్ గానీ టైమింగ్ గానీ పెంచవద్దు.