బండి మీద నుంచి పడ్డాక మళ్లీ ఎక్కడం, సడన్ బ్రేక్ వేయడం ఎలా?

బండి మీద నుంచి పడ్డవాళ్లను చూడ్డానికి వెళ్తే అందరూ చెప్పేది ఒకటే. ‘‘బ్రేక్ వేశానన్నా, బండి ఆగలేదు.’’ ఏ బ్రేక్ వేశావని అడిగితే కుడికాలు చూపిస్తారు. ముందు బ్రేక్ సంగతి ఎత్తితే మనల్నే పిచ్చివాడిలా చూస్తారు. ‘‘అది వేస్తే ఎగిరి అవతల పడతాం కదా!’’

నేనూ ఆ బాపతే. మిర్యాలగూడ దగ్గర ఒక పల్లె రోడ్డు, యాసంగి కోతలైపోయిన రోజులు. రోడ్డులో సగం దాకా వడ్లు ఆరబోసి, ఎవరూ తొక్కకుండా అంచున రాళ్లు పేర్చారు. మిగిలిన సగంలో యాభై మీద వస్తున్నాను. కుక్క అడ్డం వచ్చింది. ఉన్న బలమంతా కాలిలో పెట్టి తొక్కాను. వెనక టైరు బిగుసుకుపోయింది. బండి తోక ఊపుకుంటూ వడ్ల మీదకు వెళ్లింది, నేను రాళ్ల మీదకు వెళ్లాను. ఎడమ కాలర్ బోన్ విరిగింది. కుక్కకు ఏమీ కాలేదు. ముందు చక్రానికి బంగారం లాంటి డిస్క్ బ్రేక్ ఉంది. దాని లీవర్ మీద నా వేలు కూడా పడలేదు.

ఆ తర్వాత ఇద్దరు తమ్ముళ్లకు, బావమరిదికి, ఆఫీసులో నలుగురైదుగురికి నేర్పాను. అందరూ తప్పు చేసేది ఒకే చోట. అందుకే మిగతావి గబగబా చెప్పేసి అక్కడ ఆగుతాను.

1. ముందు ఒళ్లు

పడ్డప్పుడు తలకు దెబ్బ తగిలి, తర్వాత వాంతులైనా, మత్తుగా ఉన్నా, అడిగిందే అడుగుతున్నా వెంటనే హాస్పిటల్‌కి వెళ్లాలి, తెల్లారాక చూద్దాం అనుకోకూడదు. పుత్తూరు కట్టు మీద ఎంత నమ్మకం ఉన్నా ఎక్స్‌రే మాత్రం తీయించుకోండి. మణికట్టు దగ్గర ఇంకో చిక్కుంది. అరచెయ్యి ఆనించి పడితే బొటనవేలి మొదట్లో ఉండే చిన్న ఎముక చిట్లుతుంది. అది మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. బెణుకే కదా అని వదిలేస్తారు. బొటనవేలి మొదట్లో ఉండే గుంటలో నొక్కితే నొప్పి ఉంటే పది, పద్నాలుగు రోజులకు మళ్లీ చూపించుకోవాలి.

డాక్టర్ బండి నడపొచ్చు అన్నాక కూడా నాదొక పరీక్ష ఉంది. నిండు బకెట్ కుడిచేత్తో ఎత్తి బాత్రూమ్ దాకా మోయాలి. తర్వాత ఆపి ఉన్న బండి మీద కూర్చుని బ్రేక్ లీవర్‌ని ఇరవై సార్లు గట్టిగా నొక్కాలి. ఎక్కడ కలుక్కుమన్నా ఇంకో వారం ఆగాల్సిందే. నొప్పి బిళ్ల వేసుకుని చేస్తే పరీక్ష కాదు.

2. బండి, హెల్మెట్

పడ్డ బండిని మెకానిక్ ‘‘నడుస్తదన్నా’’ అన్నంత మాత్రాన తెచ్చేసుకోవద్దు. హ్యాండిల్ నిటారుగా ఉందా, ముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు) వంగిందా, ఆయిల్ కారుతోందా, రిమ్ తిప్పితే ఊగుతోందా, డిస్క్ ప్యాడ్లకు రాసుకుంటోందా చూడాలి. హ్యాండిల్ ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పితే ఎక్కడా పట్టేయకూడదు. బ్రేక్ లీవర్ నొక్కితే స్పాంజిలా మెత్తగా ఉంటే లైన్‌లో గాలి ఉన్నట్టు, తీయించండి. లీవర్ వంగి ఉంటే కొత్తది వేయించండి. సుత్తితో కొట్టి సరిచేసిన లీవర్ ఏదో ఒక రోజు చేతిలోకి వస్తుంది.

తలకు దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి ఎంత బాగున్నా పారేయండి. లోపలి థర్మోకోల్ ఒక్కసారి నలిగితే దాని పని అయిపోయినట్టే. ఐఎస్ఐ మార్కున్నది కొని, స్ట్రాప్ పెట్టుకోండి. గ్లోవ్స్, బూట్లు. చెప్పులతో నేర్చుకుంటానంటే నేను నేర్పను.

3. చోటు

హైదరాబాద్ చుట్టుపక్కల దీనికి కొదవ లేదు. ప్లాట్లు అమ్ముడుపోయి ఇళ్లు కట్టని వెంచర్ల కన్నా మంచి చోటు ఎక్కడా దొరకదు. వెడల్పాటి రోడ్డు, మనుషులు ఉండరు, వాచ్‌మన్‌ని అడిగితే కాదనడు. అవుటర్ రింగ్ రోడ్డు మీదకు ఎలాగూ టూవీలర్లను రానివ్వరు. ఆదివారం పొద్దున్నే ఆరింటికి వెళ్లండి, వెనక ఎవరినీ కూర్చోబెట్టుకోవద్దు. ముందు చీపురుతో ఇసుక ఊడ్చేయండి. నవ్వుకోకండి, నేను చీపురు బండికి కట్టుకునే వెళ్తాను. పక్కన ముగ్గు డబ్బా కూడా. రోడ్డుకి అడ్డంగా ముగ్గుతో ఒక గీత గీయండి. గీత దాటిన క్షణాన బ్రేక్ మొదలవ్వాలి.

తొలి ఆదివారం బ్రేక్ జోలికే వెళ్లొద్దు. అరగంట ఊరికే తిరగండి. పడ్డాక భుజాలు తెలియకుండానే బిగుసుకుపోయి ఉంటాయి, అవి దిగాలి.

4. అసలు పని: ముందు బ్రేక్

ఇక్కడ నిదానంగా చదవండి.

ఆర్టీసీ బస్సులో డ్రైవర్ గట్టిగా బ్రేక్ వేస్తే నిలబడ్డవాళ్లంతా ముందుకు తూలతారు. బండి మీదా అంతే, బరువంతా ముందు చక్రం మీదకు వస్తుంది. వెనక చక్రం తేలికైపోతుంది. తేలికైన చక్రానికి రోడ్డు మీద పట్టు తక్కువ కాబట్టి కాలితో గట్టిగా తొక్కితే అది ఆగిపోయి జారుతుంది. ముందు టైరు మాత్రం బరువు పడేకొద్దీ రోడ్డుకి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. బండిని ఆపే బలంలో ఎక్కువ వంతు అక్కడే ఉంది.

మరి ముందు బ్రేక్ వేసి పడ్డవాళ్లు అబద్ధం చెబుతున్నారా? లేదు. వాళ్లు బరువు ముందుకు రాకముందే లీవర్‌ని గుంజారు. బరువు రావడానికి లిప్తపాటు టైమ్ పడుతుంది. ఆ లోపే పూర్తి బ్రేక్ పడితే టైరుకి పట్టు చాలదు, చక్రం లాక్ అవుతుంది, అంటే తిరగడం ఆగి జారుతుంది, మనిషి కింద ఉంటాడు. తప్పంతా లీవర్‌ని గుంజడంలోనే ఉంది.

చిన్నప్పుడు మా మేనత్త నాకు గేదె పాలు పితకడం నేర్పింది. ‘‘ముందు చెయ్యి ఆనించురా, దానికి తెలియాలె. తర్వాత పిండు. గుంజినవో, తంతది.’’ ముందు బ్రేక్‌కి ఇంతకన్నా మంచి పాఠం నాకు ఎవరూ చెప్పలేదు.

గీత దాటగానే యాక్సిలరేటర్ మూసేయండి. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు ముందు బ్రేక్ లీవర్ మీద. రెండే వేళ్లు. నాలుగు వేళ్లతో పట్టుకుంటే ఒకటి, గుంజేస్తారు. రెండు, కంగారులో మణికట్టు తిరిగి యాక్సిలరేటర్ పెరుగుతుంది. డ్రమ్ బ్రేక్ ఉన్న పాత బండి అయితే తప్ప నాలుగు వేళ్లు అక్కర్లేదు.

మొదట లీవర్‌లో ఉన్న ఖాళీని తీసుకోండి, అంటే ప్యాడ్లు డిస్క్‌కి తగిలేంత వరకే. అది ఆనించడం. బండి ముందుభాగం కిందకు దిగడం తెలుస్తుంది. ఫోర్క్ దిగిందంటే బరువు వచ్చిందని గుర్తు. ఇప్పుడు పిండండి, పెంచుకుంటూ పోండి. దిగేదాకా నిదానం, దిగాక మొహమాటం లేదు. నేర్చుకునేటప్పుడు నోటితో ‘‘ఆనించు, పిండు’’ అని అనమంటాను. మా బావమరిది సిగ్గుపడి అనలేదు, మొదటి రోజు రెండుసార్లు టైరు కీచుమనిపించాడు. రెండో వారం హెల్మెట్‌లోంచి వినబడేలా అన్నాడు.

అదే సమయంలో కుడికాలు వెనక బ్రేక్ మీద మెత్తగా ఉండాలి, మొదట ఎంత వేశారో అంతే, పెంచొద్దు. చివర్లో క్లచ్ పట్టి, బండి ఆగబోతుండగా ముందు లీవర్‌ని కొంచెం వదులు చేసి, ఎడమకాలు కింద పెట్టండి. ఆగేటప్పుడు హ్యాండిల్ తిన్నగా ఉండాలి. బాగా ఆపి, ఆఖరి అడుగులో హ్యాండిల్ తిప్పి, నిలబడ్డ చోటే పడిపోయినవాళ్లను ఎంతమందినో చూశాను.

ముందు చక్రం లాక్ అయితే హ్యాండిల్ ఒక్కసారిగా తేలిపోయినట్టు ఉంటుంది. ఆలోచించకుండా లీవర్ వదిలేసి, మళ్లీ ఆనించి పిండాలి. వెనకది లాక్ అయితే లెక్క వేరు. బండి తిన్నగా ఉంటే కాలు వదులు చేయండి. తోక అప్పటికే బాగా పక్కకు వెళ్లిపోతే మాత్రం చటుక్కున వదలొద్దు. వదిలితే టైరు ఒక్కసారి పట్టు దొరకబుచ్చుకుని బండిని ఎదురు వైపుకి తన్నుతుంది, మిమ్మల్ని గాల్లోకి విసురుతుంది. ఆగేదాకా అలాగే తొక్కి ఉంచడం నయం.

మోకాళ్లతో పెట్రోల్ ట్యాంక్‌ని బిగించి పట్టుకోండి, మోచేతులు వంగి ఉండాలి. చేతులు కర్రల్లా చాపితే ఒంటి బరువంతా హ్యాండిల్ మీద పడుతుంది. స్కూటర్‌కి ట్యాంక్ లేదు కాబట్టి పాదాలు ముందుకు తన్నిపెట్టండి. కళ్లు రోడ్డు చివర ఉన్న చెట్టు మీద ఉండాలి. కుక్కను చూస్తే కుక్క మీదకే వెళ్తారు.

5. స్పీడు

ఇరవైతో మొదలు. ఒకే స్పీడులో వరసగా ఐదుసార్లు శుభ్రంగా ఆగితేనే తర్వాతది. ఇరవై, ముప్ఫై, నలభై. ఆగిన చోట ముగ్గుతో చుక్క పెట్టండి. స్పీడు రెండింతలైతే ఆగే దూరం నాలుగింతలవుతుంది, ఆ చుక్కలే చూపిస్తాయి. పొడి రోడ్డు మీద రెండు బ్రేకులూ సరిగ్గా వేస్తే నలభై నుంచి దాదాపు 10 మీటర్లలో ఆగొచ్చు. వెనక బ్రేక్ ఒక్కటే వేస్తే దాదాపు రెట్టింపు కావాలి. ఇదంతా బ్రేక్ పడ్డాక సంగతి. నిజం రోడ్డు మీద విషయం బుర్రకెక్కడానికి ఒక సెకను పడుతుంది, అరవైలో ఆ సెకనుకే బండి 16 మీటర్లు దాటి పోతుంది. అందుకే ఊళ్లో నడిపేటప్పుడు నా రెండు వేళ్లూ ఎప్పుడూ లీవర్ మీదే ఉంటాయి.

‘‘నా బండికి ఏబీఎస్ ఉంది, ఇవన్నీ నాకెందుకు’’ అనేవాళ్లకు ఒక మాట. ఏబీఎస్ అంటే బ్రేక్ గట్టిగా వేసినా చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు. 125 సీసీ దాటిన బళ్లకు 2018 ఏప్రిల్‌లో కొత్త మోడళ్లతో మొదలుపెట్టి, 2019 ఏప్రిల్ నుంచి అన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు, మంచిదే. కానీ సింగిల్ ఛానెల్ అయితే అది ముందు చక్రానికే, వెనకది హాయిగా లాక్ అవుతుంది. పైగా ఏబీఎస్ పని చేసేటప్పుడు లీవర్ వేళ్ల కింద టకటకా కొట్టుకుంటుంది. ముందెప్పుడూ చూడనివాళ్లు హడలిపోయి వదిలేస్తారు. వెంచర్‌లోనే ఒకసారి కావాలని తెప్పించుకుని చూడండి. 125 లోపు బళ్లకు ఉండే సీబీఎస్‌లో కాలి బ్రేక్, లేదా స్కూటర్ ఎడమ లీవర్, ముందు చక్రాన్ని కూడా కొంచెం పట్టుకుంటుంది. కొంచెమే. కుడిచేతి పని కుడిచేత్తోనే చేయాలి.

గేర్లు దించుకుంటూ ఇంజిన్‌తో ఆపుతాననే పెద్దమనుషులు ఉంటారు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు అది సరైనదే, ఆటో అడ్డం తిరిగినప్పుడు అంత టైమ్ ఎవరిస్తారు? ఇంకొందరు బండిని కావాలని పక్కకు పడుకోబెట్టేయాలంటారు. రోడ్డు మీద ఇనుము కన్నా రబ్బరుకి పట్టు ఎక్కువ. బండి నిలబడి ఉన్నంతసేపే బ్రేకులు పనిచేస్తాయి.

6. వడ్లు, ఇసుక, తొలి వాన

వీటి మీద పైన చెప్పిన పిండడం చెల్లదు. వడ్లు, మొక్కజొన్న గింజలు టైరు కింద గోలీల్లా దొర్లుతాయి. కనిపించగానే, వాటికి ముందున్న శుభ్రమైన రోడ్డు మీదే స్పీడు తగ్గించేసుకుని, వాటి మీద బ్రేకులేవీ ముట్టుకోకుండా తిన్నగా దాటాలి. తొలకరి మొదటి పావుగంటలో రోడ్డు మీద దుమ్ము, ఆయిల్ కలిసి జారుడుగా ఉంటుంది. అప్పుడు ఆనించడం ఇంకా నిదానంగా, పిండడం సగం బలంతో.

ప్యాడ్లు మార్చినా, టైరు మార్చినా ముగ్గు డబ్బా మళ్లీ బయటకు తీయండి. కొత్త ప్యాడ్లు డిస్క్‌కి కుదురుకునేదాకా సరిగ్గా పట్టవు, కొత్త టైరు మొదటి వంద కిలోమీటర్లు నూనె రాసినట్టే ఉంటుంది.