తేడాలు వెతికే లైబ్రరీని అప్‌డేట్ చేయడం ఎలా?

రెండు వరుసలను పోల్చి ఎక్కడ ఏమి మారిందో చెప్పే లైబ్రరీతో (అంటే మన ప్రోగ్రాములో వాడుకునే సిద్ధంగా ఉన్న కోడ్‌తో) ఒక చిక్కుంది. కొత్త వెర్షన్ చెప్పే జవాబు పాత జవాబుతో కలవకపోయినా తప్పు కాకపోవచ్చు. ‘క గ క’ అనే వరుసను ‘క’గా మార్చాలనుకోండి. మొదటి రెండూ తీసేసినా, చివరి రెండూ తీసేసినా మిగిలేది అదే. ఏది తీయాలన్నది లైబ్రరీ ఇష్టం. ఆ ఇష్టం మారిన రోజున, పాత జవాబునే అక్షరాలా ఆశించే టెస్టులు (కోడ్ సరిగా పనిచేస్తోందో చూసే చిన్న ప్రోగ్రాములు) వరసగా విఫలమవుతాయి.

కాబట్టి అప్‌డేట్‌కు ముందు టెస్టులను సరిచేయండి. ‘జవాబు ఇలాగే ఉండాలి’ అనే బదులు ‘ఈ తేడాలను పాత పాఠానికి వర్తింపజేస్తే కొత్త పాఠం రావాలి’ అని పరీక్షించండి. నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే.

నమూనాలు నాలుగు రకాలుగా ఉండాలి: ఖాళీ వరుస, ఒకేలా ఉన్న జంట, పూర్తిగా వేరైన పెద్ద జంట, తెలుగు పాఠం. మూడోది వేగం కోసం. 1986లో కంప్యూటర్ శాస్త్రవేత్త మయర్స్ ప్రచురించిన, తేడాలు వెతికే పద్ధతిలో తేడాలు పెరిగేకొద్దీ సమయమూ పెరుగుతుంది. ఇక తెలుగు సంగతి: ‘కి’, ‘కీ’ల మధ్య మారేది గుడి, గుడిదీర్ఘం మాత్రమే. లైబ్రరీ పూర్తి అక్షరాలను కాక యూనికోడ్ సంకేతాలను (కంప్యూటర్‌లో అక్షరాలకు, గుర్తులకు విడివిడిగా ఉండే సంఖ్యలను) పోలిస్తే, తెర మీద చుక్కల వలయానికి తగిలించిన గుర్తు ఒంటరిగా కనిపిస్తుంది.

తరువాత పని తేలికే. లాక్ ఫైలులో (ప్రాజెక్టు వాడే లైబ్రరీల కచ్చితమైన వెర్షన్లు నమోదై ఉండే ఫైలులో) ఉన్న వెర్షన్‌ను రాసుకోండి, మార్పుల చిట్టా చదవండి. వెర్షన్లకు సంఖ్యలిచ్చే సాధారణ విధానంలో మొదటి సంఖ్య మారిందంటే పాత కోడ్ పనిచేయకపోవచ్చని అర్థం. చిట్టాలో డిఫాల్ట్ సెట్టింగుల మార్పులను ప్రత్యేకంగా వెతకండి. వేరే బ్రాంచిలో (అసలు కోడ్‌ను కదపకుండా విడిగా మార్పులు చేసుకునే శాఖలో) ఈ ఒక్క లైబ్రరీనే అప్‌డేట్ చేసి టెస్టులు నడపండి.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోని డిఫ్‌లిబ్ అనే తేడాల లైబ్రరీని వాడేవారు మాత్రం పైథాన్‌నే అప్‌డేట్ చేయాలి. అది భాషతోపాటే వస్తుంది. దానికి చిన్న నమూనాలు చాలవు. 200 లేదా అంతకు మించి అంశాలున్న వరుసలో మరీ తరచుగా వచ్చేవాటిని అది తనంతట తానే పక్కన పెడుతుంది. అలా పక్కన పెట్టడం అక్కర్లేదనుకుంటే, దాన్ని చేయించే ఆటోజంక్ సెట్టింగును ఆపేయవచ్చు.

అంతా సరిగా ఉంటే లాక్ ఫైలు మార్పును విడి కమిట్‌గా (కోడ్ చరిత్రలో విడిగా నమోదయ్యే మార్పుగా) చేర్చండి. రేపు వెనక్కి తీసుకోవాల్సి వస్తే ఆ ఒక్క కమిట్‌నే రద్దు చేయవచ్చు.