మన పీసీ మనమే కడదాం – 6వ పాఠం: బటన్ నొక్కినా చడీచప్పుడూ లేదు

పోయిన పాఠంలో సైడ్ ప్యానెల్ తప్ప అన్నీ బిగించేశాం. ఇప్పుడు బటన్ నొక్కితే ఫ్యాన్ కదల్లేదు, లైటు వెలగలేదు అనేవాళ్ళ కోసం ఈ పాఠం. ఫ్యాన్లు తిరిగి మానిటర్ మాత్రం నల్లగా ఉండిపోయిందంటే అది వేరే జబ్బు, దాన్ని ఏడో పాఠంలో చూద్దాం. రెండూ కలిపి వెతికితే ఏదీ తేలదు.

వెతకడం మొదలుపెట్టే ముందు ఒక సంగతి అర్థం చేసుకోవాలి. గోడ మీద ఫ్యాన్ స్విచ్ వేస్తే కరెంటు ఆ స్విచ్ గుండానే వెళ్తుంది, పీసీ బటన్ అలా కాదు. అది కాలింగ్ బెల్ లాంటిది, తలుపు తెరవదు, లోపలున్నవాళ్ళని పిలుస్తుందంతే. పవర్ సప్లై వెనక స్విచ్ వేసి ఉన్నంతసేపూ మదర్‌బోర్డుకి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు అందుతూనే ఉంటుంది. బటన్ నొక్కగానే బోర్డు 24 పిన్నుల కేబుల్లోని ఒక వైరుని గ్రౌండ్‌కి కలుపుతుంది, అది చూసి పవర్ సప్లై 12 వోల్టులూ మిగతావీ వదులుతుంది. అంటే గోడ నుంచి స్టాండ్‌బై రావాలి, బటన్ మాట బోర్డుకి చేరాలి, బోర్డు మాట పవర్ సప్లైకి చేరాలి. ఎక్కడో ఒకచోట తెగింది. ఎక్కడో కనిపెట్టకుండా కొత్త పార్టు ఆర్డర్ పెట్టకండి, డబ్బులు దండగ.

గోడ దగ్గర మొదలుపెడదాం. పవర్ సప్లై వెనక స్విచ్ గీత వైపు ఉండాలి, సున్నా వైపు కాదు. నవ్వొస్తుంది గానీ ఇది మర్చిపోయేవాళ్ళు బోలెడుమంది. పవర్ కార్డుతో (గోడ సాకెట్ నుంచి పవర్ సప్లైకి వెళ్ళే వైరు) వచ్చిన ప్లగ్ మన సాకెట్‌లో పట్టక కన్వర్టర్ పిన్ పెట్టారా? దాన్ని తీసేసి, సరిగ్గా పట్టే పవర్ కార్డు వేరేది పెట్టి చూడండి, లూజు కాంటాక్ట్ అక్కడే ఎక్కువ.

భీమవరం, ఆకివీడు వైపు వాళ్ళు వెంటనే వోల్టేజీ మీద పడతారు: రాత్రయితే చెరువుల మీద నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లన్నీ ఒకేసారి తిరుగుతాయి, లైట్లు డిమ్ అయిపోతాయి, అందుకే పీసీ లేవట్లేదేమో అని. పవర్ సప్లై స్టిక్కర్ మీద ఇన్‌పుట్ 100–240 అని ఉంటే ఆ అనుమానం వదిలెయ్యండి, డిమ్ లైటుకి అది ఆగదు. 200–240 అని ఉన్న చవక రకమైతే మాత్రం పగలు వోల్టేజీ బాగున్నప్పుడు ఒకసారి చూడండి.

ఇంకోటి, స్టార్ట్ కాకపోవడానికీ దీనికీ సంబంధం లేదు గానీ చెప్పకుండా ఉండలేను. కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది, టెస్టర్ పెడితే వెలుగుతోంది అని కంగారు పడేవాళ్ళుంటారు. సాధారణంగా పవర్ సప్లై లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల, ఎర్త్ లేకపోతే, మెయిన్స్ వోల్టేజీలో సగం దాకా బాడీ మీద కనిపిస్తుంది. పాత పెంకుటిళ్ళలో సాకెట్‌కి మూడో రంధ్రం ఉంటుంది, వెనకాల ఎర్త్ వైరు ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వేయించండి. కాస్త తవ్వితే తడి తగిలే డెల్టా నేల, ఎర్త్ గుంతకి ఇంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు అసలు చోటు: ముందు ప్యానెల్ నుంచి వచ్చే సన్న వైర్లు. మా బాబాయి గారబ్బాయి పాలకొల్లు నుంచి ఫోన్ చేసి "అన్నయ్యా, పవర్ సప్లై పోయింది, కొత్తది పెట్టేస్తున్నా" అన్నాడు. ఆగరా అని ఫొటో పంపమన్నాను. వాడు పవర్ బటన్ వైరుని రీసెట్ పిన్నులకి గుచ్చాడు. ఆఫ్‌లో ఉన్న మెషీన్‌కి రీసెట్ నొక్కితే ఏమవుతుంది? ఏమీ కాదు. చాలా బోర్డుల్లో ఈ పిన్నులు రెండు వరసలు, మొత్తం తొమ్మిది, పదోది ఉండాల్సిన చోట ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ ఉన్న వరసలోనే దాని పక్కనున్న రెండు పిన్నులూ పవర్ స్విచ్‌వి. అయినా మాన్యువల్లో బొమ్మ చూసే పెట్టండి, కొన్ని కంపెనీల లెక్క వేరు. బటన్‌కి ప్లస్ మైనస్ పట్టింపు లేదు, ఎల్ఈడీలకే ఉంది.

వైరు సరిగ్గానే ఉందనిపిస్తే దాన్ని పీకేసి, స్క్రూడ్రైవర్ మొనతో ఆ రెండు పిన్నుల్నీ అర సెకను కలిపి వదలండి. బటన్ చేసేది కూడా ఇంతే. అప్పుడు లేచిందంటే తప్పు కేబినెట్ బటన్‌ది. రీసెట్ బటన్ వైరుని పవర్ పిన్నులకి పెట్టుకుని వాడుకోండి, ఏం పోదు.

అయినా లేవలేదా, పవర్ కార్డు పీకేసి లావు కేబుళ్ళకి వెళ్దాం. 24 పిన్నులది గట్టిగా నొక్కాలి, క్లిప్ కొక్కెం మీదకి ఎక్కిందో లేదో వేలితో తడిమి చూడండి. ప్రాసెసర్ పక్కన, బోర్డు పై మూలన ఉండే 8 పిన్నులది చాలామంది వదిలేస్తారు. దానికి సీపీయూ అని రాసిన 4+4 కేబులే పెట్టాలి, గ్రాఫిక్స్ కార్డుకిచ్చే 6+2 కాదు. మాడ్యులర్ (కేబుళ్ళు విడిగా ఊడొచ్చే) పవర్ సప్లై అయితే రెండో కొన కూడా చూడండి. వేరే మోడల్‌తో వచ్చిన కేబుల్ పట్టింది కదా అని మాత్రం పెట్టకండి, లోపల పిన్నుల వరస వేరుగా ఉంటే పార్టులు కాలిపోతాయి.

తర్వాత పవర్ సప్లైని ఒంటరిగా పరీక్షించాలి. అన్ని పార్టుల నుంచీ పీకేసి, ఒక కేబినెట్ ఫ్యాన్‌ని మాత్రం దానికి తగిలించండి, ఎందుకంటే కొన్ని పవర్ సప్లైల సొంత ఫ్యాన్ లోడు లేనప్పుడు తిరగదు, అది చూసి పోయిందనుకుంటారు. పవర్ కార్డు తీసి ఉండగానే 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరునీ ఒక నల్ల వైరునీ పేపర్ క్లిప్‌తో కలపండి. వైర్లన్నీ నల్లగానే ఉంటే మాన్యువల్ బొమ్మలో 16, 17 నంబర్లు. ఆ తర్వాత పవర్ కార్డు పెట్టి స్విచ్ వెయ్యండి, క్లిప్‌ని మాత్రం ముట్టుకోవద్దు. ఫ్యాన్ తిరగలేదంటే దాన్ని వారంటీకి పంపడమే. డబ్బా విప్పి చూద్దామన్న సరదా వద్దు, పవర్ కార్డు పీకినా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత చార్జ్ మిగిలుంటుంది. తిరిగితే పవర్ సప్లై బాగానే ఉందని సగం నమ్మొచ్చు, సగమే, అసలు లోడు పడ్డప్పుడు ఎలా ఉంటుందో క్లిప్ చెప్పదు.

కొందరికి ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోతుంది. అది షార్ట్ అయ్యే అవకాశం ఎక్కువ, పవర్ సప్లై తనను తాను కాపాడుకోడానికి ఆపేస్తుంది. చిన్న మైక్రో ఏటీఎక్స్ బోర్డుని పెద్ద కేబినెట్‌లో పెట్టినప్పుడు, బోర్డుకి రంధ్రం లేని చోట ఒక ఇత్తడి స్టాండాఫ్ (బోర్డుని కేబినెట్ రేకుకి తగలకుండా ఎత్తి పట్టే చిన్న మర) మిగిలిపోయి వెనక నుంచి టంకాలకి తగులుతుంది. పవర్ కార్డు తీసి, బోర్డుని బయటికి తెచ్చి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టండి. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, పవర్ సప్లై, ఇంతే ఉంచి, పవర్ కార్డు తిరిగి పెట్టి, స్క్రూడ్రైవర్‌తో పవర్ స్విచ్ పిన్నులు మళ్ళీ కలపండి. పెట్టె మీద లేచి కేబినెట్‌లో లేవకపోతే ముందు అనుమానించాల్సిన దొంగ ఆ స్టాండాఫే. రెండు చోట్లా లేవకపోతే, వేరే మంచి పవర్ సప్లై ఎవరిదగ్గరన్నా అడిగి పెట్టి చూడండి, దానికీ లేవకపోతే అనుమానం బోర్డు మీదకి వెళ్తుంది.

పెట్టె మీద లేచినవాళ్ళు బోర్డుని అప్పుడే లోపల బిగించెయ్యకండి. ఏడో పాఠంలో బొమ్మ రానివాళ్ళ పని కూడా ఆ అట్టపెట్టె మీదే, ర్యామ్ ఏ స్లాట్‌లో ఉందన్న దగ్గర మొదలవుతుంది.