చెన్నైలో షిప్పు ఎక్కాలంటే ముందు రోజే చేరుకోండి

చెన్నై నుంచి క్రూజ్‌కు వెళ్లాలనుకునే మన కడప వాళ్లకు ఒక మాట. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించే రేటు చూసి అడ్వాన్సు కట్టేయకండి. చాలాసార్లు అది గదిలో ఇద్దరుంటే ఒక్కొక్కరికి పడే ధర. దాని మీద పోర్టు చార్జీలు, పన్ను, సిబ్బందికిచ్చే టిప్పులు వేరే. "అన్నీ కలిపి మా నలుగురికీ ఎంత?" అని అడిగి, ఆ అంకె వాట్సాప్‌లో పెట్టించుకోండి. క్యాన్సిల్ చేస్తే ఎంత వెనక్కొస్తుందో కూడా అందులోనే.

అన్నిటికంటే ముఖ్యం, షిప్పు మన కోసం ఆగదు. బయలుదేరే టైముకు చాలా ముందే చెక్-ఇన్ మూసేస్తారు. మేం అదే రోజు తెల్లవారుజామున కారులో బయలుదేరాం. రైల్వే కోడూరు దాటాక టైరు పంక్చర్. స్టెప్నీలోనూ గాలి లేదు. అమ్మ రోడ్డు పక్కన మామిడిచెట్టు కింద సూట్‌కేసు మీద కూర్చుని, మాటా పలుకూ లేకుండా వాచీ వైపే చూస్తోంది. ఎలాగో అందుకున్నాం కానీ ఆ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు. ముందు రోజు సాయంత్రానికే చెన్నై చేరి పడుకోండి.

కడుపులో తిప్పేవాళ్లుంటే షిప్పు మధ్యభాగంలో, కింది అంతస్తు గది అడగండి, ఊపు తక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం, ఆ నెలలు వదిలేయడమే మేలు. ఒడ్డు దాటగానే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే షిప్పు నెట్‌వర్క్ పట్టుకుని రోమింగ్ బిల్లు వాచిపోతుంది. శ్రీలంక వెళ్లే షిప్పైతే పాస్‌పోర్టుకు ఇంకా 6 నెలల గడువుందో లేదో ఇప్పుడే బీరువాలోంచి తీసి చూడండి.