ఆఫర్ వచ్చాక ఎలా మాట్లాడాలి – 3వ పాఠం: జీతం వేరు, ఊరు మారే ఖర్చు వేరు

పోయిన పాఠంలో రెండు అంకెలు రాసుకున్నారు. ఇంతకు తగ్గితే ఈ ఉద్యోగం వద్దు అనుకునేది ఒకటి, బయట నడుస్తున్న రేటును బట్టి అడగదగ్గది రెండోది. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఇది చదవండి.

ఫోన్‌లో ఆఫర్ చెప్పగానే చాలామంది సంతోషంలో "సరేనండి" అనేస్తారు. ఆ తర్వాత ఏది అడగాలన్నా మొహమాటమే. "చాలా సంతోషమండి. వివరాలన్నీ మెయిల్‌లో పంపండి, చూసుకుని రెండు రోజుల్లో చెప్తాను" అంటే చాలు. కంపెనీ మిమ్మల్ని ఎంచుకుంది, మీరింకా ఒప్పుకోలేదు. మీ మాటకు ఎక్కువ బలం ఉండేది ఆ కాస్త వ్యవధిలోనే.

జీతం విషయంలో ఒకే అంకె చెప్పండి. "85 నుంచి 100 మధ్య" అంటే అవతలివాళ్లకు 85 మాత్రమే వినబడుతుంది. చెవిన పడ్డ మొదటి అంకె మన అంచనాను ఎంతగా తనవైపు లాగుతుందో చూపే ప్రయోగం ఒకటి, మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆమోస్ ట్వర్‌స్కీ, డానియల్ కానెమన్ 1974లో రాసిన వ్యాసంలో ఉంది. ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమో చెప్పమని అడిగేముందు అంకెల చక్రం తిప్పారు. చక్రం 10 దగ్గర ఆగినవాళ్ల మధ్యస్థ అంచనా (అందరి జవాబులూ వరుసలో పెడితే నడిమధ్య వచ్చేది) 25 శాతం, 65 దగ్గర ఆగినవాళ్లది 45 శాతం. ఏ సంబంధమూ లేని అంకే అంత పని చేస్తే, మీ నోటితో మీరే చెప్పిన చిన్న అంకె ఏం చేస్తుందో ఆలోచించండి. అంకె చెప్పండి, దానికి కారణం ఒక్క వాక్యంలో చెప్పండి, ఆగండి. అవతల మౌనంగా ఉన్నారని కంగారుపడి మీరే తగ్గించొద్దు.

ఇక ఊరు మారే ఖర్చు. దీన్ని జీతంలో కలిపి అడగడం నాకు అస్సలు నచ్చదు. జీతానికి చాలా కంపెనీల్లో ఆ హోదాకింత అని హద్దు ఉంటుంది. అది దాటితే ఇప్పటికే పనిచేస్తున్నవాళ్లతో పేచీ వస్తుందని హెచ్‌ఆర్ భయం. ఊరు మారే ఖర్చు (రీలొకేషన్) ఒక్కసారి ఇచ్చేది కాబట్టి అక్కడ చెయ్యి కాస్త సులువుగా కదులుతుంది. అలాగని దానికి ఆశపడి జీతం వదులుకోకండి. జీతంలో పెరిగింది ఏటా వస్తుంది, రేపటి ఇంక్రిమెంట్లు కూడా దాని మీదే లెక్కేస్తారు. జీతం మాట తేలాకే దీన్ని ఎత్తండి.

అడిగేముందు లెక్క రాసుకోండి. సామాను తరలింపు, ఇంటిల్లిపాది ప్రయాణం, ఇల్లు దొరికేదాకా బస, కొత్త ఇంటి అడ్వాన్సు, బ్రోకర్ ఫీజు అందరికీ గుర్తొస్తాయి. పాత ఇంటి నోటీసు గడువు పూర్తికాక రెండిళ్లకూ అద్దె కట్టాల్సిన నెల మాత్రం మర్చిపోతారు. సామాను తరలించేవాళ్ల దగ్గర రెండు కొటేషన్లు రాతపూర్వకంగా తీసుకోండి. కాగితం చూపించి అడిగితే బేరంలా కాక లెక్కలా ఉంటుంది.

డబ్బు ఎలా ఇస్తారో కూడా అడగాలి. బిల్లులు పెడితే తర్వాత ఇస్తామంటే ముందు మీ జేబులోంచే పోతుంది, కంపెనీని కొంత ముందుగా ఇవ్వమని కోరండి. ఒకేసారి మొత్తంగా ఇస్తే చాలాచోట్ల అది ఆదాయం కిందికి వచ్చి పన్ను పడుతుంది. 20 శాతం పన్నుంటే చేతికి 100 రావడానికి కంపెనీ 125 ఇవ్వాలి. "ఇది పన్ను పోను మొత్తమేనా?" అని తప్పకుండా అడగండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది తిరిగి కట్టించుకునే షరతు. ఏడాదిలోపు మానేస్తే ఊరు మారడానికి ఇచ్చిన డబ్బు మొత్తం వెనక్కివ్వాలని కొన్ని ఆఫర్లలో ఉంటుంది. పదకొండు నెలలు పనిచేసినా మొత్తం కట్టడం అన్యాయం. పనిచేసిన ప్రతి నెలకూ ఆ బాకీ తగ్గేలా, కంపెనీయే తీసేస్తే ఈ షరతు వర్తించకుండా మార్చమని అడగండి. చాలామంది ఇది మార్చరనుకుని అడగనే అడగరు. ఒప్పుకున్నవన్నీ ఆఫర్ లెటర్‌లోకి వచ్చేదాకా పాత ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి.

అభ్యాసం: మీ ఖర్చుల లెక్కతో హెచ్‌ఆర్‌కు ఆరు వాక్యాలు మించని మెయిల్ రాయండి. మొదటి వాక్యంలో ఉద్యోగం మీద ఇష్టం, చివరి వాక్యంలో జవాబు ఎప్పటికి కావాలో ఉండాలి. "ఇంతకు మించి కుదరదు" అని జవాబొస్తే ఏం చేయాలన్నది 4వ పాఠంలో.