టర్న్‌టేబుల్ కొనే ముందు ఇవి చూసుకోండి

పండగ ఆఫర్లలో పడకగదికి చిన్న టర్న్‌టేబుల్ (గ్రామఫోన్ రికార్డులు వాయించే ప్లేయర్) కొనాలనుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇవి గమనించండి.

• పెట్టెలా మూసి మోసుకెళ్లే సూట్‌కేస్ ప్లేయర్ వద్దు. చవకే, కానీ వాటిలో చాలావాటి సిరామిక్ కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) ముల్లు రికార్డు మీద 5 గ్రాముల దాకా బరువు మోపుతుంది. అయస్కాంతంతో పనిచేసే మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్‌కి 2 గ్రాములు చాలు. ప్లేయర్ మళ్లీ కొనుక్కోవచ్చు, తాతగారు దాచిన ఎల్పీ రికార్డు గాడి అరిగితే తిరిగి రాదు.

• ఫోనో ప్రీయాంప్ (ముల్లు నుంచి వచ్చే బలహీన సంకేతాన్ని పెంచి సరిచేసే భాగం) లోపలే ఉందా? లేకపోతే మామూలు స్పీకర్లలో పాట పీలగా, బేస్ లేకుండా వినిపిస్తుంది.

• స్పీకర్లు అదే బల్ల మీద పెట్టకండి. అదురు ముల్లుకెక్కి హోరు పుడుతుంది. చిన్న గదికి 4 అంగుళాల పవర్డ్ స్పీకర్లు (యాంప్లిఫయర్ లోపలే ఉన్నవి) సరిపోతాయి.

• పాత 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డులుంటే ప్లేయర్‌లో ఆ వేగం ఒక్కటే ఉంటే చాలదు. గాడి వెడల్పు కాబట్టి ముల్లూ వేరే కావాలి.

• విడి ముల్లు దొరుకుతుందో లేదో ముందే అడగండి.